గువ్వని ఎత్తుకున్నవాళ్ళు

"ఎవరో ఒకళ్ళు సరిగ్గా రాసుకోలేదు. లేకపోతే మళ్ళీ ఎందుకొస్తుంది?"

గువ్వ తల్లి ఆ మాట ఎవరి వంకా చూడకుండా అంది. అందుకే ఇంట్లో ఉన్న ఇద్దరికీ తగిలింది.

వంటింట్లో పెద్ద గిన్నెలో దుప్పట్లు ఉడుకుతున్నాయి. ఆవిరికి కిటికీ అద్దాలు చెమర్చాయి. ముందు గదిలో బల్ల మీద పరిచిన తువ్వాలు మీద మూడేళ్ళ గువ్వ బట్టల్లేకుండా కూర్చుని ఎడమచేతి వేళ్ళ సందుల్ని కుడిచేత్తో గోక్కుంటోంది. గోకకుండా మేజోళ్ళు తొడిగితే వాటిని పళ్ళతో లాగి బల్లకింద పారేసింది.

పోయిన నెల అందరూ మందు రాసుకున్నాక కొన్నాళ్ళు నిమ్మళించింది. పిల్ల తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయేది. ఆ తర్వాత మళ్ళీ మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ, చంకల్లో ఎర్రటి చిన్న పొక్కులు మొదలయ్యాయి. గోకి గోకి పిరుదుల మీద పుండ్లు చేసుకుంది. వాటికి చీము పట్టి, పసుప్పచ్చటి పెచ్చు కట్టింది. మొన్న జ్వరం కూడా తగిలింది.

"నన్ననుమానించకు," అన్నాడు ఆమె తమ్ముడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడతను. "ఆ రోజు గోడకి సున్నం కొట్టినట్టు కొట్టావు నన్ను. పొద్దున స్నానం చేసినా వాసన పోలేదు. నా పక్కన కూర్చుని నేర్చుకునే ఆవిడ కిటికీ అద్దం దించేసి, తల బయటపెట్టి నడిపింది."

"వీపు మీద ఎవరు రాశారు?"

"అమ్మ."

అమ్మమ్మ వంటింట్లోంచి బదులు చెప్పలేదు. కర్రతో దుప్పట్లని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. మామూలుగా అయితే ఇలాంటి మాటకి ఆవిడ గరిటెతో సహా బయటికి వచ్చి నిలదీసేది. ఇవాళ రాకపోవడం గువ్వ తల్లికి కాస్త వింతగానే అనిపించింది. కానీ పిల్ల మళ్ళీ గోకడం మొదలుపెట్టడంతో ఆ ఆలోచన అక్కడితో తెగిపోయింది.

పొద్దున పిల్లల డాక్టరమ్మ గువ్వ వేళ్ళ మధ్య భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చీము పొక్కులకి వేరే మందు రాసిచ్చింది. వేడినీళ్ళ సంగతి, బట్టల సంగతి, ఉతకడానికి వీల్లేని బొమ్మల్ని సంచీలో కట్టి కొన్నాళ్ళు పక్కన పడేయడం సంగతి అడిగింది. అన్నీ చేశామని చెబితే తల ఊపింది. ఆ తర్వాత అన్న మాటే గువ్వ తల్లిని పొద్దుట్నించి నిలవనీయడం లేదు.

"మందు పనిచేసిందమ్మా. ఇది కొత్తగా అంటుకున్న గజ్జి. పిల్లని దగ్గరికి తీసుకునేవాళ్ళలో ఒకరు మిగిలిపోయారు. వాళ్ళకి దురద ఉన్నా లేకపోయినా సరే, అందరూ ఒకే రోజు రాసుకోవాలి. ఎవరా ఒకరు?"

ఇంట్లో ముగ్గురమేనని చెప్పింది గువ్వ తల్లి. తనూ, తల్లీ, తమ్ముడూ. ముగ్గురూ రాసుకున్నారు. మరి క్రెష్‌లోనా అంది డాక్టరమ్మ.

ఆ ఒక్క మాట పట్టుకుని తిన్నగా క్రెష్‌కి వెళ్ళింది. అక్కడి టీచరమ్మ ముందర, పాలు తాగుతున్న పిల్లలందరి ముందర, ఆయా చేతులు శుభ్రంగా ఉండవనీ, తన పిల్లకి ఇది ఆవిడ వల్లే అంటుకుందనీ అనేసింది. ఏళ్ళ తరబడి పరాయి పిల్లల ముక్కులు తుడిచిన మనిషి ఆ ఆయా. కొంగుకి చేతులు తుడుచుకుని రెండు చేతులూ ముందుకు చాపింది. అరచేతులు చూపించింది. తిప్పి వెనకవైపు చూపించింది. వేళ్ళు విడదీసి సందులు చూపించింది. ఎక్కడా ఒక్క పొక్కు లేదు.

అయినా అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. అనుమానం వచ్చాక జాగ్రత్త మంచిదని టీచరమ్మ ఆయాని పిల్లల గదిలోంచి గిన్నెలు కడిగే పనికి మార్చింది. గువ్వని కూడా తగ్గేదాకా పంపొద్దంది.

అంటే రేపట్నించి పిల్లని చూసుకునేది అమ్మమ్మే. అమ్మమ్మకి మోకాలు నొప్పి. గువ్వ తల్లికా సెలవు దొరకదు. పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళని వరసలో పిలిచే ఉద్యోగం. వాళ్ళు పంటి నొప్పితో మూలుగుతుంటే తను బల్ల కింద మణికట్టు గోక్కుంటూ నవ్వుతూ పేర్లు పిలవాలి. మొన్న డాక్టరు ఆమె చేతివంక చూశాడు. ఎలర్జీ అని చెప్పింది. ఇంటి నాలుగు గోడల మధ్య తప్ప గజ్జి అన్న మాట ఆమె ఎక్కడా పలకలేదు.

కొత్తగా తెచ్చిన ట్యూబు మూత తీసి, తెల్లటి మందు వేలి మీదికి తీసుకుంది. "చెయ్యి చాపు బంగారం."

గువ్వ చెయ్యి చాపింది. చల్లగా తగిలేసరికి భుజాలు ముడుచుకుంది. తల్లి వేళ్ళ మధ్య రాస్తుంటే శ్రద్ధగా చూసింది.

"నాన్నక్కూడా రాయి," అంది.

తల్లి చెయ్యి ఆగింది.

"ఎవరికి?"

"నాన్నక్కూడా దురద. ఇక్కడ." గువ్వ తన మోచెయ్యి మడత చూపించింది. పొట్ట చూపించింది. "నాన్న గోక్కుంటే రక్తం వచ్చింది."

వంటింట్లో కర్ర చప్పుడు ఆగిపోయింది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. గువ్వ తండ్రి ఈ గడప తొక్కి ఏడాది దాటింది. గువ్వ తల్లి అతన్ని వదిలేసి పిల్లని చంకనేసుకుని పుట్టింటికి వచ్చిన రోజు నుంచి, అతను పిల్లని చూడలేదనే ఈ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. అందరూ అంటే ఇద్దరు.

గువ్వ తల్లి మందుని వేలి మీంచి తుడిచేసుకుని ట్యూబుకి మూత పెట్టింది. వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

అమ్మమ్మ స్టవ్ ఆర్పింది. కర్రని గోడకి ఆనించింది. అది జారితే మళ్ళీ ఆనించింది. ఆ తర్వాతే చెప్పడం మొదలుపెట్టింది. చలికాలంలో ఒకరోజు అల్లుడు క్రెష్ బయట నిలబడి ఉన్నాడట. పిల్లని చూసి వెళ్ళిపోతానన్నాడట. దగ్గరికి కూడా రాలేదట. గువ్వే పరిగెత్తుకెళ్ళి కాళ్ళు చుట్టేసుకుందట. అప్పట్నించి తను ఆస్పత్రిలో మోకాలికి కరెంటు పెట్టించుకునే రోజుల్లో, క్రెష్ వదిలాక, వాడి గది ఉన్న వీధి చివర పిల్లని అప్పగించి, పని చూసుకుని వచ్చి తీసుకుపోతోంది. పిల్ల అక్కడ వాడి పొట్ట మీద పడుకుని ఒక నిద్ర తీసి వస్తుంది.

"ఆ రోజుల్లో దాన్ని ఎవరి దగ్గర వదలమంటావు? పరాయివాళ్ళ దగ్గరా?"

"నాకు అబద్ధం చెప్పావు."

"అబద్ధం చెప్పలేదు. చెప్పలేదంతే."

"ఆయన కూడా అచ్చం ఇదే మాటన్నాడు."

అమ్మమ్మ ముఖం వాడిపోయింది.

అతని ఉద్యోగం పోయినందుకు ఆమె అతన్ని వదల్లేదు. ఉద్యోగం ఎవరికైనా పోతుంది. పోయాక కూడా నెలల తరబడి రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆమె కట్టిచ్చిన డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. ఎక్కడెక్కడో తిరిగి సాయంత్రం ఇంటికి వచ్చి ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. మేనేజరు ఏమన్నాడో, పక్క సీటాయన గొడుగు ఎలా పోగొట్టుకున్నాడో కల్పించి చెప్పేవాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. ఆ నవ్విన నవ్వులు తల్చుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"నువ్వు నీ మొగుణ్ణి వదిలేశావు," అంది అమ్మమ్మ నెమ్మదిగా. "సరే. నేను కాదనలేదు. అది వాళ్ళ నాన్నని వదల్లేదు. దానికి ఏం చెప్పమంటావు?"

"నీ వల్ల నేను ఆయాని అన్నన్ని మాటలన్నాను."

"నన్నడిగి వెళ్ళావా?"

"అడిగితే చెప్పేదానివా?"

పొద్దున డాక్టరమ్మ గదిలో పక్కనే కూర్చుని, ఎవరా ఒకరన్న ప్రశ్న అమ్మమ్మ కూడా విన్నది. అప్పుడు కొంగు మెలిపెట్టుకుంటూ నేల చూస్తూ కూర్చుంది.

మధ్యలో తమ్ముడు గుమ్మం దగ్గరికి వచ్చి, బావ ఎక్కడుంటున్నాడో చెబితే ఇప్పుడే వెళ్ళి తేల్చుకొస్తానన్నాడు.

"ఏం తేలుస్తావు? నువ్వు ఆ దుప్పట్లు పిండు," అంది అక్క.

వాడు చొక్కా చేతులు మడిచి దుప్పట్లు పిండాడు.

ఆ పూట ఎవరూ మందు రాసుకోలేదు. రాసి లాభం లేదని గువ్వ తల్లికి తెలుసు. పిల్లకి చీము మందు తాగించి, పుండ్లు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది పడుకోబెట్టింది. గువ్వ నిద్రలోనే కాలితో కాలు రుద్దుకుంటూ, అటూ ఇటూ దొర్లుతూ, మధ్య మధ్య ఏడుస్తూ ఉంది. తల్లి దాని రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని పక్కనే పడుకుంది. గోకకుండా పట్టుకున్నందుకు పిల్ల నిద్రలోనే ఆమెని తన్నింది. అమ్మమ్మ గుమ్మం దాకా రెండుమూడుసార్లు వచ్చి, లోపలికి రాకుండా వెనక్కి వెళ్ళింది.

మర్నాడు భోజనాల వేళ పళ్ళ డాక్టరు దగ్గర అనుమతి అడిగి బయటపడింది గువ్వ తల్లి. దారిలో మందుల షాపులో ట్యూబులు కొంది. ఇంట్లోవాళ్ళ పాతవి అయిపోయాయి కనక వాళ్ళకీ, తనకీ, అతనికీ కలిపి తీసుకుంది. షాపతను పొట్లం కడుతూ ఇంత మందు ఎందుకన్నట్టు చూశాడు.

"గజ్జి," అంది ఆమె. "ఇంటిల్లిపాదికీ." అక్కడే నిలబడ్డ ఇంకొకావిడ కాస్త పక్కకి జరిగింది. ఆమె పట్టించుకోలేదు.

అమ్మమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం వెళితే రేకుల షెడ్డు కనిపించింది. పాత సోఫాలు విప్పి కొత్త గుడ్డ కుట్టే చోటు. గుమ్మం ముందు గుడ్డ వలిచేసిన సోఫా చట్రాలు వరసగా పెట్టి ఉన్నాయి. లోపల స్పాంజి పొడి గాల్లో తేలుతోంది. ఒకతను మిషను మీద ముదురు నీలం గుడ్డ కుడుతున్నాడు. గువ్వ తండ్రి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో చిన్న మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి చట్రానికి కొడుతున్నాడు. ఎండ మండిపోతున్నా చొక్కా చేతులు మణికట్టు దాకా బిగించి ఉన్నాయి.

ఆమెని చూసి లేచాడు. మేకులు నోట్లోంచి అరచేతిలోకి ఉమ్ముకున్నాడు.

"గువ్వకేమైంది?" అన్నాడు. ఏడాది తర్వాత అన్న మొదటి మాట అది.

"చొక్కా చేతులు పైకి మడవండి."

అతను కదల్లేదు. మిషను దగ్గరి మనిషి ఇటు చూసి, మర్యాదగా తల తిప్పుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరూ బయటికి వచ్చి గోడ నీడలో నిలబడ్డారు. అప్పుడు మడిచాడు.

మణికట్టు నుంచి మోచెయ్యి దాకా గువ్వ చేతుల మీద ఉన్నవే. కొన్ని ఎండిపోయాయి, కొన్ని పచ్చిగా ఉన్నాయి.

"స్పాంజి పొడి పడలేదనుకున్నాను," అన్నాడు. "ఇక్కడ పనిచేసేవాళ్ళలో చాలామందికి వస్తుందట. షాపులో ఏదో క్రీము ఇచ్చాడు. రాస్తే నాలుగు రోజులు తగ్గుతుంది, మళ్ళీ మామూలే."

"అది గజ్జి. గువ్వ ఒళ్ళంతా అదే. మేమందరం మందు రాసుకున్నాం. తగ్గింది. మీ దగ్గరికి వచ్చి మళ్ళీ అంటించుకుంది. చీము పట్టింది. జ్వరమొచ్చింది."

అతను గోడకి ఆనుకున్నాడు. మడిచిన చేతుల వంక చూసుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా వల్లా?" అన్నాడు.

ఆమె ఏడుస్తాడనుకుంది. ఏడిస్తే తనకి కోపం వస్తుందనుకుంది. అతను ఏడవలేదు. జ్వరం ఎంత ఉంది, పాలు తాగుతోందా, పుండ్లు ఎక్కడ అని వరసగా అడిగాడు. ఆమె అన్నిటికీ పొడిపొడిగా చెప్పింది. చెబుతూ తెలియకుండానే తన మణికట్టు గోక్కుంది. అతను చూశాడు.

"నీక్కూడానా?"

"నాక్కూడా."

రోడ్డు మీద ఎవరో బండి స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు.

ఆమె సంచీలోంచి ట్యూబులు తీసింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ అప్పజెప్పినట్టు చెప్పింది. మెడ నుంచి అరికాళ్ళ దాకా ఎక్కడా వదలకుండా రాసుకోవాలి. గోళ్ళ కింద కూడా. చేతులు కడుక్కుంటే మళ్ళీ చేతులకి రాసుకోవాలి. పొద్దున్నే స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకోవాలి. దుప్పటీ, తువ్వాలూ వేడినీళ్ళలో ఉడకబెట్టాలి. వచ్చే వారం ఇదే రోజు మళ్ళీ ఒకసారి. ఇంట్లోనూ ఇక్కడా ఒకేసారి ఇవాళే, పడుకోబోయే ముందు. మందు పడ్డాక కూడా దురద కొన్నాళ్ళు ఉంటుంది, ఉందని కంగారుపడి మళ్ళీ మళ్ళీ రాయొద్దు.

"ఇది మురికివల్ల రాదట," అంది చివర్లో. అతని వంక చూడకుండానే అంది. "ఎవరికైనా వస్తుందట."

అతను తల ఊపాడు.

"మీ గదిలో ఎంతమంది?"

"ఇద్దరం. నేనూ, ఆ లోపల మిషను మీద ఉన్నాడే, అతనూ. పక్కపక్కనే పడుకుంటాం."

"అతనికీ రాయండి. సిగ్గుపడి దాచకండి. ఒక్కరు మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది. గువ్వ ఇంకోసారి తట్టుకోలేదు."

ట్యూబులు అతని చేతిలో పెట్టింది. వేళ్ళు తగలకుండా పెట్టింది. గువ్వని మళ్ళీ ఎప్పుడు చూడొచ్చని అతను అడుగుతాడని ఎదురుచూసింది. అడిగితే ఏం చెప్పాలో నిద్ర పట్టనప్పుడంతా ఆలోచించి పెట్టుకుంది. అతను అడగలేదు.

సాయంత్రం పని దిగాక క్రెష్‌కి వెళ్ళి ఆయాతో మాట్లాడాలి. టీచరమ్మ ముందరే మాట్లాడాలి. అన్నప్పుడు పదిమంది ముందూ అంది కనక, చెప్పేది కూడా అలాగే చెప్పాలి. అలా అనుకుంటూ సంచీ భుజానికి తగిలించుకుని నాలుగడుగులు వేసింది.

"ఆగు."

వెనక్కి తిరిగింది.

అతను అక్కడే నిలబడి ఉన్నాడు. ట్యూబుల్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఇంకో ట్యూబు కావాలి."

"గదిలో ఇద్దరమేనన్నారుగా."

"గదిలో ఇద్దరమే." పెదవులు తడుపుకున్నాడు. "ఈ మందు చిన్నపిల్లలకి కూడా రాయొచ్చా?"

"గువ్వకి రాసేదీ ఇదే. దానికి నా దగ్గరుంది."

"గువ్వకి కాదు."

ఆమెకి ముందు అర్థం కాలేదు.

"గువ్వ కంటే చిన్నది," అన్నాడతను. "ఇంకా పాకుతోంది. దాని అరచేతుల నిండా ఉన్నాయి. అరికాళ్ళకి కూడా. గువ్వ వచ్చినప్పుడల్లా దాన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఆడుకుంటుంది."

ఆమె నిలబడ్డ చోటనే ఉండిపోయింది. ఎండ కళ్ళలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. ఈ మాట అతను చెప్పకుండా ఉండగలిగేవాడే. అమ్మ వీధి చివర్నించే వెనక్కి వచ్చేస్తుంది కనక అమ్మకీ తెలియదు. గువ్వకి ఇంకో నెలకి మళ్ళీ తిరగబెట్టేది. ఇంట్లో మళ్ళీ ఒకరినొకరు అనుమానించుకునేవాళ్ళు. అంతవరకూ అతని సంగతి అతని దగ్గరే ఉండేది.

కబుర్లు కల్పించి నవ్వించిన మనిషి ఇప్పుడు నవ్వించడానికి ఏమీ చెప్పలేదు. ఆమె వంక తిన్నగా చూస్తూ నిలబడ్డాడు.

ఆమె వెనక్కి నడిచి వచ్చింది. సంచీలోంచి తన కోసం కొనుక్కున్న ట్యూబు తీసింది.

"పసిపిల్లలకి తల మీద కూడా రాయాలి," అంది. "కళ్ళకీ నోటికీ తగలకుండా. చేతులకి మేజోళ్ళు తొడగండి, లేకపోతే నోట్లో పెట్టుకుంటుంది. రాసేముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. ఇవాళే చూపించండి. దాన్ని ఎత్తుకునేవాళ్ళు ఎవరున్నారో వాళ్ళకీ కావాలి."

"ఒక మనిషి ఉంది. మా పక్క గదిలోనే ఉంటుంది," అన్నాడతను.

లోపల మిషను చప్పుడు ఆగింది.

ఆమె పక్కనే ఉన్న సోఫా చట్రం చెక్క అంచు మీద కూర్చుంది. సంచీని ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు చివరిదాకా లాగి మూసింది.

"చెప్పండి," అంది. "ఎవరి బిడ్డ?"